కుంటుకుంట చూపిన నల్గొండ

నల్గొండల గైడు అనే మాట ఎవ్వలికీ తెల్వని కాలంలనే నేను గైడును. ఢిల్లీ నుంచి దిగిన ఇద్దరు పెద్ద అధికారులకు ఒక్క సాయంత్రంల పాత బస్తీ మొత్తం తిప్పి చూపిన. మంచి మంచియి తినవెట్టిన. ఆఖరుకు పీరీల గుండం కాడ వాళ్ల ముంగట ఆట ఆడిన. నా ఆట చూసెతందుకు డప్పులోళ్లే డప్పులు ఆపిన్రు. "దక్కన్ అంత తిరిగినం గని గిసొంటి కాలు ఏడ చూడలే" అని ఆ అధికారులు అన్నరు. నన్ను బస్సు కాడ అలాయ్ బలాయ్ తీసుకొని మరీ పోయిన్రు.

ఈ ముచ్చట నలుగురిల కూసున్నప్పుడల్లా గిట్లనే చెప్పిన. ఇప్పుడు కాయితం మీద పెడుతున్న గనుక జర తగ్గించక తప్పది. నోటి మాట గాలికి పోతది. కాయితం ఇంట్లనే ఉంటది, మా ఇంట్ల చదువొచ్చిన ఆడమనిషి ఉన్నది.

వాళ్లు ఢిల్లీ నుంచి రాలేదు. పాలమూరు దిక్కు నుంచి బస్సుల వచ్చిన్రు. ఇగ అధికారులు అవునా కాదా అన్న సంగతే ఆ రోజు నా పానం తోడేసింది.

యాభైల మొదట్ల ముచ్చట ఇది. ఇంకా హైదరాబాద్ రాష్ట్రమే. గుట్టలల్ల కమ్యూనిస్టు దళాలకు, పోలీసులకు నడుమ తుపాకుల చప్పుడు ఆగి ఎన్నో రోజులు కాలేదు. ఊర్లకు కొత్త మనిషి వస్తే ముందుగాల మొకం కాదు, కాళ్లు చూసెటోళ్లం. బూట్లుంటే పోలీసు, వట్టి కాళ్లయితే దళపోడు, కొత్త చెప్పులు కిర్రుకిర్రుమంటే సీఐడీ. ఎవలు ఎవల గురించి ఏం మోస్తున్నరో తెల్వది. ఎదురుంగ నవ్వెటోన్ని చూసి ఇంకింత భయపడ్డ కాలం.

నేను తాలూకా కచేరిల నకళ్లు రాసే నౌకరి చేస్తుంటి. కచ్చా నౌకరి. ఎప్పుడన్న "రేపటి సంది రాకు" అంటే ఇంటికి పోవుడే. మాది గొర్లు కాసే ఇల్లు. నాయిన పోయినంక మా అమ్మ మంద అమ్మి నన్ను చదివిచ్చింది. ఒక్కొక్క జమాతుకు ఇన్ని గొర్లు అని పోయినయి. ఆఖరు పొట్టేలు నా నౌకరి దరఖాస్తుతోని పోయింది. అంటే మా మంద అంత నేను కూసున్న ఆ బల్ల మీదనే కూసున్నదన్నట్టు. ఆ బల్ల పోతే మళ్ల మంద రాదు.

కచేరిల నాతోని రాసే ఒక ముసలి గుమాస్తా ఉండె. "నౌకరి పక్కా చేసేముందు ఎవలో చెప్పకుండ వచ్చి నీ గురించి అరుసుకుంటరు. జర పైలం" అని చెవుల ఊదిండు. అప్పటికే నేను చెయ్యాల్సిన నాశనం చేసి పెట్టుకున్న. బజార్ల చాయ్ హోటల్‌ల కూసొని, నా ఈడు పోరగాండ్ల ముంగట, "దళం చీటీలు పట్టుకొని ఒక్క రాత్రిల కట్టంగూరు దాక ఉరికిన, పొద్దు పొడవకముందే వాపసొచ్చిన" అని ఎన్నోసార్లు కోతలు కోసిన. నిజం ఏందంటే, ఒక్కనాడు మా అమ్మ కట్టిచ్చిన జొన్నరొట్టెల మూట పక్క ఊరి గొర్ల దొడ్డి కాడ పెట్టొచ్చిన. ఆ రొట్టెలు ఎవలు తిన్నరో నాకు ఇప్పటికీ తెల్వది. కుక్కలే తిన్నయేమో.

మొహర్రం పీరీల పండుగ ఆఖరు రోజులల్ల ఒకనాటి సాయంత్రం, కచేరి ఇడిసినంక చాయ్ తాగుదామని పోతే హోటలాయన కేతిలి పట్టుకొని నా దగ్గరికే వచ్చిండు.

"అరే, ఇద్దరు నీకోసం అడుగుతున్నర్రా."

"ఎవలు?"

"చెప్పలే. ఎవలతోని తిరుగుతడు, తాగుతడా, రాత్రిపూట ఇంట్లనే పంటడా అని అడిగిన్రు. కాళ్లు ఎట్లున్నయని గూడ అడిగిన్రు."

"కాళ్లా?" "నువ్వేం చెప్పినవ్?"

"నువ్వు చెప్పిందే చెప్పిన. కట్టంగూరు దాక ఒక్క ఊపుల ఉరికినోడు అన్న. పెద్దాయిన మస్తు ఖుషీ అయిండు."

ఖుషీ ఎందుకు కాడు? నేరం ఒప్పుకున్నోడు దొర్కితే ఏ సీఐడీ అయినా ఖుషీనే అయితడు.

లేసి దొడ్డి తలుపు నుంచి జారుకుందామనుకునేసరికే వాళ్లు వచ్చిన్రు. ఒకాయిన పెద్దమనిషి. తెల్ల రుమాలు, చేతికర్ర, తెల్ల మీసాలు. ఇంకొకాయిన నా కంటె పదేండ్లు పెద్ద ఉంటడు. కండ్లద్దాలు, అంగి జేబుల చిన్న పుస్తకం, పెన్సిలు. ఇద్దరికీ కొత్త చెప్పులు. కిర్రుమన్నయి.

"ఎడ్ల కోసం వచ్చినం బిడ్డా," అన్నడు పెద్దాయిన. "అంగడి రేపట. పొద్దు పోవాలె గద. నువ్వు ఊరు ఎరిగినోడివని చెప్పిన్రు. జర తిప్పి చూపెడ్తవా?"

కండ్లద్దాలాయన చేతులు చూసిన. పలుగు పట్టిన చేతులు కావు. గా చేతులతోని ఎడ్లు కొనెటోళ్లను నేను చూడలే. పైగ నల్గొండను చూద్దామని దునియాల ఎవడన్న వచ్చిండా? ఉన్నయే రెండు గుట్టలు, నడుమ మేము.

కాదంటే అనుమానం, అవునంటే పట్టుబడుడు. గప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. కట్టంగూరు దాక ఉరికినోడు కుంటోడు ఎట్లయితడు? లేసి నిలవడంగనే నా ఎడమకాలు దానంతట అదే వంగింది.

"కాలుకేమైంది బిడ్డా?"

"పుట్టంగనే గింతే పటేలా. నడుసుడే కష్టం. ఉరుకుడు అనేది నేనెరుగ."

హోటలాయన కేతిలి ఎత్తింది ఎత్తినట్టే ఉంచి, నోరు తెర్సి నా దిక్కు చూసిండు. ఆ ఇద్దరు మొకాలు మొకాలు చూసుకున్నరు. పుస్తకం బయటికి వచ్చింది. కండ్లద్దాలాయన ఏందో ఒక మాట రాసిండు.

గట్ల బయలెల్లినం. నేను ముంగట కుంటుకుంట, వాళ్లు ఎనుక. గాజుల దుకాణాల గల్లీ, అత్తరు అమ్మే ముసలాయన అరుగు, కూలిపోయిన గోడ, ఎండిపోయిన మెట్లబావి. పెద్దాయిన దేనిని చూడలే. ఆయన చూపు నా మోకాలు కిందనే ఉన్నది. నేను దాన్ని పైకి లేపుదామని నోటికొచ్చింది చెప్పవడ్తి. అబద్ధం నాకు దగ్గు అసొంటిది, భయపడ్డప్పుడు ఇంకా ఎక్కువొస్తది.

"గీ బావిల సొరంగం ఉన్నది పటేలా. గోలకొండ దాక పోతది."

"నువ్వు పోయి చూసినవా?" అన్నడు కండ్లద్దాలాయన.

సొరంగాలు ఎరిగినోడు అని రాసుకుంటడు గద! "లేదు సారూ, నేను చీకట్లకు పోనే పోను. నాకు భయం. సొరంగమే లేదు."

మళ్ల రాసిండు.

దర్గా గుట్ట కిందికి వచ్చినంక పెద్దాయిన కర్రతోని మెట్లు చూపిచ్చిండు. "ఎక్కుదామా?"

"నా కాలు చూస్తివి గద పటేలా."

"నాకు డెబ్బై దాటినయి, నేనే ఎక్కుత అంటున్న." నా మొకం దిక్కు చూసుకుంట నిలవడ్డడు. నేను కాలు పట్టుకొని మెట్టు మీద కూసునేసరికి గట్టిగ ఊపిరి ఇడిసి ఎనుకకు మర్లిండు.

గుట్ట కింద గంపల గుడాలు పెట్టుకొని ఒకామె కూసునేది. ఉడకవెట్టిన శనిగెలు, మీద ఉల్లిగడ్డ, పచ్చి మిరపకాయ. మోదుగాకు దొప్పల పెట్టించిన. పక్కనే బొగ్గుల మీద మక్క కంకులు కాలుస్తున్నరు. పెద్దాయిన ఏరి ఏరి ముదిరిన కంకి తీసి నా చేతిల పెట్టిండు. రాయి తీర్గ ఉన్నది.

"కొరుకు బిడ్డా."

కొరుకుతుంటే వంగి నా నోట్లకు చూసిండు. మనిషి దాచిన మాట పండ్ల సందుల కనవడ్తదా? నేను పండ్లు మూసుకొని నమిలిన. అది ఇంకింత అనుమానమిచ్చినట్టున్నది. "నోరు తెరువ్, దవడ పండ్లున్నయా?" అన్నడు. తెర్సిన. పోలీసోళ్లు మనిషి ఆనవాళ్లు రాసుకుంటరని వింటి. ఇప్పుడు నా పండ్లు గూడ సర్కారు కాయితాలల్లకు ఎక్కినయి అనుకున్న.

అక్కడినుంచి లేసి నడుస్తుంటే పెద్దాయిన మెల్లగ అడిగిండు. "ఇందాక ఎడమకాలు గద బిడ్డా?"

చూసుకుంటే నేను కుడికాలు కుంటుతున్న.

"నొప్పి అటు ఇటు తిరుగుతది పటేలా."

కల్లు దుకాణం మీదికెల్లి పోతుంటే, "గొంతు ఎండింది, ఒక సీస తాగుదామా?" అన్నడు కండ్లద్దాలాయన. ఇది వల అని తెల్సింది. "నాకు అలవాటు లేదు సారూ, వాసన వస్తేనే తల తిరుగుతది" అన్న. మాట పూర్తిగ నోట్లకెల్లి రాలేదు, లోపటికెల్లి దుకాణపాయన మొత్తుకున్నడు. "ఏమోయ్, ఇయ్యాల రావా? నీ జాగా ఖాళీగనే ఉన్నది!"

పుస్తకంల పేజీ తిప్పినట్టు చప్పుడైంది.

పొద్దుగూకంగ పీరీల గుండం కాడికి చేరినం. గుండంల మోదుగు కట్టెలు మండుతున్నయి. చుట్టు మనుషులు. హిందువులు, తురకోళ్లు, గొల్లోళ్లు, సాలోళ్లు అందరు ఒకటే వరుసల అడుగులేస్తున్నరు. డప్పు సంగతి మీకు తెల్వకపోతే చెప్త. అది చెవులకెల్లి రాదు, అరికాలికెల్లి ఎక్కుతది. నేను ప్రతి ఏడు ఆ వరుసల ఉన్నోన్ని. డప్పులోడు నన్ను చూసి, "రారా, గట్ల నిలవడ్డవేంది!" అని రెట్ట పట్టి గుంజిండు. అమ్మ, గొర్లు, నౌకరి అన్నీ ఒక్క దెబ్బకు యాదికిరాకుండ పోయినయి. ఆడిన. డప్పులు ఆగలే, అది నేను కలిపిన మాట. గని ఆట మాత్రం మంచిగ ఆడిన. రెండు కాళ్లతోని.

సోయొచ్చి చూసేసరికి మంట వెలుగుల ఆ ఇద్దరు నన్నే చూస్తున్నరు. మళ్ల కుంటుకుంట వాళ్ల దగ్గరికి పోయిన.

"కాలు నయమైందా బిడ్డా?"

"అంత పీరీల దయ పటేలా" అన్న. ఎడ్ల మాట ఎత్తకుంటనే పోతం అన్నరు, బస్సు కాడికి తోలుకపోయి ఎక్కిచ్చి వచ్చిన.

ఆ పదిహేను రోజులు నేను మనిషిని కాను. ఎడ్ల అంగడి కాడ అడిగిన, గసొంటోళ్లు రానేలేదన్నరు. అంతల డప్పులోడు వచ్చి, "కండ్లద్దాలాయన మళ్లొచ్చి నీ కాలు గురించి అడిగిండు" అన్నడు. మా చాకలామె వచ్చి, "నీకు ఎవతెనన్న ఉన్నదా అని అడిగిన్రు" అన్నది. ఇగ ఆగలేక ఒకనాడు కచేరి కాయితం తీసి, "కట్టంగూరు ఉరుకలేదు, రొట్టెల మూట మాత్రం మోసిన, తెల్వక చేసిన తప్పు మన్నించున్రి" అని పెద్దసారుకు అర్జీ రాయవడ్తి. మా అమ్మ వాకిట్ల జొన్నలు చెరుగుతున్నది.

"ఏం రాస్తున్నవ్ రా?"

చెప్పిన. మొత్తం చెప్పిన. అమ్మ చాట కింద పెట్టింది. నవ్వుతదా ఏడుస్తదా అర్థం కాలేదు.

"వాళ్లు సీఐడీ కాదురా పిస్సోడా! పిల్లనిచ్చెటోళ్లు. షాద్‌నగర్ అవతల. నీ కాలు వంకరని ఎవడో గిట్టనోడు చెప్పిండట, కండ్లార చూసిపోదామని వచ్చిన్రు. పెద్దాయిన పిల్ల నాయిన, పుస్తకపాయన మేనమామ, బడిపంతులు."

"నాకెందుకు చెప్పలే?"

"నీకు చెప్తే చాయ్ హోటల్‌ల చెప్తవ్. హోటల్‌ల చెప్తే తాలూక అంత తెల్సిపోతది." అమ్మ అర్జీ గుంజుకున్నది. "ఎవ్వలు అడగంది నువ్వే పోయి రాసిస్తే ఉన్న బల్ల గూడ పోతుండె." కాయితం పొయ్యిల పెట్టింది.

మంచి కాలు పెట్టుకొని పిల్లగాడు ఎందుకు కుంటిండని అటు దిక్కు వాళ్లకు పెద్ద అనుమానమైందట. పెండ్లి ఇష్టం లేకనా? ఇంకెక్కడన్న మనసున్నదా? అందుకే మేనమామ మళ్ల మళ్ల వచ్చిండు. ఆఖరుకు మా అమ్మనే అడిగితే, "వాడు మాటలు వచ్చినప్పటి సంది అబద్ధాలాడుతడు, అంతకు మించి ఏ రోగం లేదు" అన్నదట. దానితోని ఖాయం చేసుకున్నరు.

నాకు సెలవు దొరకక పెండ్లి మాటలకు పోలే. పెండ్లి పీట మీదనే మళ్ల ఆ తెల్ల మీసాలు చూసిన. అప్పటికీ నాకు మనసుల ఒక మూల పట్టుకునే ఉన్నది, ఏమో, ఇది గూడ సీఐడీ పన్నాగమా అని. ఇత్తడి తాంబాలంల నా కాళ్లు పెట్టిచ్చి, మేనమామ నీళ్లు పోస్తుంటే పెద్దాయిన రెండు పిక్కలు గట్టిగ ఒత్తి చూసిండు. తల లేపి అడిగిండు.

"ఏ కాలు ముందుగాల కడుగమంటవ్ బిడ్డా?"

నౌకరి తర్వాత తర్వాత పక్కా అయింది. ఎవ్వలు అరుసుకోలే, ఎవ్వలు రాలే. ఒక కాయితం వచ్చింది, గంతే.

ఇంతవరకు రాసి మా ముసలామెకు చదువుమని ఇచ్చిన. చింతపండు గింజలు తీసుకుంటనే మొత్తం చదివింది. చేతులు కడుక్కొని లోపటికి పోయి, సందూక పెట్టెలకెల్లి అంచులు ఎలుకలు కొరికిన చిన్న పుస్తకం తెచ్చి నా ముంగట పెట్టింది.

"నువ్వు ఆట ఏడ ఆడినవ్? మా మేనమామ రాసిండు చూడు. మూడు అడుగులేసినవ్, ఎవలి కాలో తాకి గుండం పక్కకు పడ్డవ్. నిప్పు తాకంగనే లేసి ఉరికినవ్. ఆ ఉరుకుడు చూసే మా నాయిన కాలు మంచిదే అన్నడు. ఇగ బస్సు ఎక్కిచ్చినవట! వాపసే రాలేదు నువ్వు. వాళ్లే చీకట్ల తొవ్వ అడుక్కుంట అడుక్కుంట బస్సు కాడికి పోయిన్రు. గది రాయ్."