నలభై మూడు ఫోటోలు

నా చిన్నప్పుడు మా ఇళ్లలో ఫోటో దిగడమంటే పెళ్లికో, చర్చిలో కన్ఫర్మేషన్‌కో. మాది భట్టిప్రోలు దగ్గర కాలవ పక్క పల్లె. నాన్న మిషన్ స్కూల్లో పంతులు. ఎవరికైనా ఫోటో కావాలంటే రేపల్లె నుంచి స్టూడియో తాతగారు రావాల్సిందే. చెక్క కెమెరా, మూడు కాళ్ల స్టాండు, నల్లగుడ్డ బస్సులో వేసుకుని వచ్చేవారు. మా అమ్మకి మటుకు ఒక్క ఫోటో కూడా మిగల్లేదు. ఉన్న ఒక్క పెళ్లి ఫోటో ఉప్పెనలో ఇంటితోపాటు పోయింది.

నాకు పదేళ్లప్పుడు అమ్మ కడుపులో గడ్డ లేచింది. తెనాలి ఆసుపత్రిలో నెల్లాళ్లు ఉంచుకుని, ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఆ మాటకి అర్థం ఇంట్లో అందరికీ తెలుసు. నాకూ తెలుసు, తెలియనట్టు తిరిగేదాన్ని. నాన్నకి అప్పుడు ఒకటే దిగులు పట్టుకుంది. పిల్లకి వాళ్లమ్మ మొహమన్నా మిగలాలి అని. రేపల్లె కబురు పెడదామనుకుంటుండగా, కువైట్ నుంచి మావయ్య సెలవు మీద వచ్చాడు. అమ్మకి సొంత తమ్ముడు.

మావయ్య మెడలో తోలు సంచి, అందులో జపాను కెమెరా. "ఆ ముసలాయన్ని పిలిస్తే గుడ్డలో తల దూర్చి అరగంట కదలొద్దంటాడు బావా. అక్క అంతసేపు కూర్చోగలదా? దీంట్లో అయితే రెప్పపాటు" అన్నాడు. అది ప్రేమతో అన్న మాటే. ఇన్నేళ్లుగా నేను దాన్ని తప్పు పట్టలేకపోయాను.

ఆదివారం ఆరాధన అయ్యాక అమ్మ తల దువ్వించుకుంది. క్రిస్మస్‌కి కట్టుకున్న చీరాల చీర కట్టించుకుని, వరండాలో కుర్చీలో కూర్చుంది. ఆ రోజు ఆమె మొహం ఇంకా ఆమె మొహంలాగే ఉంది. మావయ్య నొక్కినప్పుడల్లా లెక్కపెట్టే పని నాది. రీలుకి ముప్పై ఆరే వస్తాయని ముందే చెప్పాడు. ముప్పై ఆరు అయ్యాయి. రీలు జరిపే మీట ఇంకా హాయిగా తిరుగుతూనే ఉంది. ముప్పై ఎనిమిది, నలభై. మావయ్య ఆశ్చర్యంగా నాన్న వంక చూశాడు. అమ్మమ్మ అయితే చేతులు జోడించింది. "ఐదు రొట్టెలతో అంతమంది కడుపు నింపినవాడికి ఇదొక లెక్కా" అంది. లెక్కలు చెప్పే మా నాన్న కూడా కళ్లు మూసుకుని స్తోత్రం చెప్పాడు. "అయితే ఇంకోటి తియ్యరా, అమ్మని నా పక్కన కూర్చోబెట్టి" అని అమ్మ నవ్వింది. నలభై మూడు దగ్గర ఆమెకి ఆయాసం వచ్చి ఆపేశారు. రాత్రి ప్రార్థనలో ఆ నలభై మూడింటి కోసం మేమంతా దేవుణ్ణి స్తుతించాం.

తర్వాత మావయ్య బాపట్లలో అత్తగారింటికి వెళ్లి పది రోజులు ఉండిపోయాడు. తిరిగొచ్చాక, ఫోటోలు కడిగించడానికి నన్ను వెంటబెట్టుకుని రేపల్లె స్టూడియోకి వెళ్లాడు. రీలు బయటికి తీయడం చేతకాక కెమెరాతో సహా తాతగారి చేతికిచ్చాడు.

"ఎన్ని తీశావు బాబూ?" అన్నారాయన.

నేనే గొప్పగా చెప్పాను. "నలభై మూడండి తాతగారూ. దేవుడు ఎక్కువ ఇచ్చాడు."

ఆయన నా వంక చూశారు. కెమెరా ఇంకా తెరవనే లేదు, ఆయన మొహం అప్పుడే పాలిపోయింది. వెలుతురు చొరని నల్ల సంచిలో కెమెరా పెట్టి, చేతులు దూర్చి, లోపలే తెరిచి తడిమి చూశారు. తర్వాత మెల్లగా, రీలు కొస లోపలి పళ్లకి పట్టుకోలేదనీ, పెట్టింది పెట్టినట్టే ఉందనీ, ఒక్కటి కూడా పడలేదనీ చెప్పారు. మీట తిప్పినప్పుడు పైనున్న బుడిపె కూడా తిరగాలట. అది తిరగకపోతే లోపల ఏమీ కదలనట్టేనట.

"ఇంత మంచి కెమెరా తాతగారూ" అన్నాడు మావయ్య.

"మంచిదే బాబూ. ఇలాంటిది నేనెప్పుడూ పట్టుకోలేదు" అన్నారు తాతగారు. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. రీలు తనే సరిగ్గా ఎక్కించి, బుడిపె తిరగడం మా ఇద్దరికీ చూపించి, దుకాణం మూసేసి మాతోపాటు బస్సెక్కారు.

ఈ పది రోజుల్లో అమ్మకి ఒళ్లంతా నీరు పట్టింది. బుగ్గలు ఉబ్బి కళ్లు లోపలికి పోయాయి. తాతగారు కిటికీ తెరిపించారు. మంచానికి అవతల తెల్ల దుప్పటి కట్టించారు, వెలుతురు అటు నుంచి మొహం మీద పడేటట్టు. ఆ చీకటి గది ఆయన చేతుల్లో ఇంకో గదిలా అయిపోయింది. మావయ్య కెమెరానే కంటికి పెట్టుకుని ఊపిరి బిగబట్టారు. అప్పుడు అమ్మ కొంగు మొహం మీదికి లాక్కుంది.

"వద్దండి బాబాయిగారూ. పిల్లకి ఈ మొహం మిగల్చకండి."

నాన్న బతిమాలబోయాడు. తాతగారు అప్పటికే కెమెరా దించేశారు. "అలాగేనమ్మా" అన్నారు. నన్ను పిలిచి మంచం పక్క ముక్కాలిపీట మీద కూర్చోబెట్టారు. నా చెవి దగ్గర వంగి, ఫోటో తీసేవాడు ఎలా చూస్తాడో చెప్పారు. జబ్బు వల్ల మారిన చోట చూడకూడదట. మారని చోటు వెతకాలట. "కనుబొమ్మ చూడు తల్లీ, ఎక్కడ వంపు తిరిగిందో. చెవి తమ్మె చూడు. వాటికి జబ్బు రాదు. తొందరలేదు, చూస్తూ కూర్చో."

నేను చూశాను. ఎడమ కనుబొమ్మ కొస దగ్గర సన్నగా తెగి ఉంది. అంతకుముందు ఎప్పుడూ గమనించలేదు. అంతలో అమ్మ కొంగు తీసి నా వంక చూసింది. మందుల వాసన, ఆ ఉబ్బిన బుగ్గలు, నాకు భయం వేసింది. దాహం వేస్తోందని లేచాను. నీళ్లు తాగి మళ్లీ లోపలికి వెళ్లలేదు. కాలవ గట్టు మీద పిల్లలతో ఆడుకుంటూ సాయంత్రం దాకా ఉండిపోయాను. నన్ను ఎవరూ పిలవలేదు. తాతగారు ఎప్పుడు వెళ్లిపోయారో కూడా తెలియదు. గురువారం తెల్లవారేసరికి అమ్మ ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది.

సమాధి దగ్గర ఫోటో తీయిద్దామని బంధువులు అన్నారు. నాన్న ఒప్పుకోలేదు, ఆమె వద్దంది కదా అని. మావయ్య ఆ కెమెరాని మళ్లీ మెడలో వేసుకోగా నేను చూడలేదు.

ఇప్పుడు నేను స్త్రీల సమాజంతో జబ్బుపడ్డవాళ్ల ఇళ్లకి ప్రార్థనకి వెళ్తుంటాను. అందరూ కళ్లు మూసుకున్నప్పుడు నేను తెరిచే ఉంచుతాను. ఆ మనిషి కనుబొమ్మ, చెవి తమ్మె చూస్తూ కూర్చుంటాను. వాసన వచ్చినా లేవను. అప్పుడు కూర్చోలేకపోయినందుకు ఇది సరిపోదని నాకు తెలుసు.

ప్రభువు వచ్చే ఉదయాన సమాధుల్లోంచి మళ్లీ లేస్తామనే మాట నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. సమాధుల దగ్గర నిలబడి ఎందరికో ధైర్యం చెప్పాను. కానీ అమ్మ మొహం నాకు గుర్తులేదు. ఎంత ప్రార్థించినా రాలేదు. ఆమె నన్ను పదేళ్ల పిల్లగా చూసింది, నేనిప్పుడు ఆమెకంటే పెద్దదాన్ని. ఆ ఉదయాన అంతమందిలో ఆమెని ఎలా పోల్చుకోవాలో తెలియదు. కొస దగ్గర తెగిన ఒక్క కనుబొమ్మ, అంతే నా దగ్గరున్నది.