మా తాతలు మాట్లాడుకున్న రోజు

జర్మనీలోని కార్ల్స్‌రూహెలో నిన్న సాయంత్రం మా అమ్మాయిని కీటా అనే చిన్నపిల్లల బడి నుంచి తీసుకుని ట్రామ్ కోసం నిలబడి ఉంటే, పక్కనున్న ముసలాయన చుట్ట ముట్టించాడు. మా తాతలు కాల్చే చుట్టలకు మల్లే ఆ ఘాటు పొగ వాన తడితో కలిసి ముక్కుకు సోకగానే, బ్లూ కార్డు వీసా, ఆఫీసూ అన్నీ మరిచి నల్లగొండ జిల్లాలోని మా ఇంటికి వెళ్ళిపోయాను.

తాత, చిన్నతాత సొంత అన్నదమ్ములు. నైజాం కాలంలో దొరల మీద పోరాటానికి ఒకే దళంలో తుపాకులు పట్టి అడవికి పోయారు. నైజాం పాలన పోయి ఢిల్లీ సైన్యం వచ్చాక కమ్యూనిస్టు పార్టీలో రెండు మాటలయ్యాయి. పోరాటం ఆపాలని కొందరు, ఆపకూడదని కొందరు. తాత తుపాకి దించి ఇంటికొచ్చాడు. చిన్నతాత అడవిలోనే ఉండి, చివరికి జైలుకు పోయాడు. తిరిగొచ్చాక ఒకే వాకిలికి అటొకరు ఇటొకరు కాపురముంటూ కూడా పలకరించుకోలేదు.

నాకు మాత్రం రెండిళ్ళూ నావే. బతుకమ్మ రోజుల్లో తంగేడుపూల పచ్చి వాసన, గునుగుపూలకు రంగులద్ది ఎర్రబడ్డ నా వేళ్ళు, ఒక ఇంట్లో నువ్వుల సత్తుపిండి, ఇంకో ఇంట్లో పెసర సత్తుపిండి, మధ్యాహ్నాలు చిన్నతాతతో చింతగింజల ఆట. ఇద్దరూ అదే అడవి కథ చెప్పేవారు, అవే తునికిపండ్లు, అదే వాగు. సైన్యం వచ్చే చోటికి రాగానే ఇద్దరూ ఆగిపోయేవారు.

నా ఎనిమిదో ఏట, సద్దుల బతుకమ్మ నాడు, నాకు జ్వరంగా ఉందని తాత నన్ను చిన్నతాత ఇంటికి పోనివ్వలేదు. ఉక్రోషం పట్టలేక, "చిన్నతాత నిన్ను పిరికోడన్నడు" అనేశాను. అబద్ధం. తాత చేతిలో పళ్ళెం కింద పెట్టేశాడు. మర్నాడు కూడా అన్నం ముట్టలేదు. భయమేసి చిన్నతాత దగ్గరికి పరుగెత్తి, ఏడుస్తూ చెప్పేశాను. ఆయన చెప్పులైనా వేసుకోకుండా వాకిలి దాటి వచ్చి తాత ఎదుట నిలబడ్డాడు.

"అన్నా, నువ్వు జేసింది తప్పని నేనన్న. ఇప్పటికీ అదే అంట. గని పిరికోడని ఎన్నడనలె. తూటా తగిలిననాడు నన్ను మోసుకోని వాగు దాటిచ్చింది నువ్వే గద."



"నువ్వు జేసింది గూడ తప్పేరా," అని తాత మంచం మీద జరిగి చోటిచ్చాడు.

ఆ తర్వాత వాళ్ళు రోజూ పక్కపక్కన కూర్చుని వాదించుకున్నారు. ఒక్కనాడూ ఒకరి మాట ఒకరు ఒప్పుకోలేదు. ఆ గొంతుల మధ్య నేను హాయిగా నిద్రపోయేదాన్ని.

ట్రామ్‌లో ఇదంతా చెబితే, ఇద్దరిలో ఎవరిది రైటని మా అమ్మాయి జర్మన్‌లో అడిగింది.

"నాకు తెల్వదు బిడ్డా," అన్నాను.

ఆ ఇళ్ళ మీదుగా ఇప్పుడు పెద్ద రోడ్డు పోయింది. ఆ ప్రశ్నకు ప్రాణం పెట్టి జవాబు చెప్పేవాళ్ళు మా ఇంట్లో ఎవరూ మిగల్లేదు.