నమిలి పెట్టిన బువ్వ

మా అన్నయ్య లింగరాజుకి కోపం తెలియదు, డాక్టరు అసలే తెలియదు. బర్మాలో, పజుండౌంగ్ వాగు ఒడ్డున పడవ ఇంజిన్లు బాగుచేసే షెడ్డులో పని. కడుపులో మంట పుడితే చద్దన్నం నీళ్లు తాగి మళ్లీ ఇంజిన్ మీదికి వంగేవాడు. మంట ఉన్నట్టు ఎవరికీ చెప్పేవాడు కాదు. ఆ మొండితనం చూస్తే నాకు ఒళ్లు మండేది.

ఆయన ప్రాణమంతా మనవరాలు పద్మిని మీదే. ఏడాదిన్నర పిల్ల. కోడలు పొద్దున్నే కుట్టు ఫ్యాక్టరీకి వెళ్లిపోతే, అన్నం తాతే తినిపించేవాడు. ముద్ద నోట్లో వేసుకుని మెత్తగా నమిలి, వేలితో తీసి పాప నోట్లో పెట్టేవాడు. మా అమ్మ మాకు అలాగే పెట్టింది. మా వదిన సాన్ సాన్ బర్మా మనిషి, వాళ్లమ్మా అలాగే పెట్టిందట. మా ఇంట్లో ఆంధ్రా, బర్మా గొడవపడకుండా ఒప్పుకున్న సంగతి ఇదొక్కటే.

పోయిన వానల్లో అన్నయ్యకి గుండెల్లో పట్టేసింది. ‘‘కడుపే, ఏటీ నేదు’’ అన్నాడు. నేను రెక్క పట్టుకుని క్లినిక్‌కి లాక్కెళ్లాను. గుండె రక్తనాళం గట్టిపడి సన్నబడిందన్నారు. సిగరెట్టు ముట్టడు, కిళ్లీ వేయడు, షుగరు లేదు. మా నాన్న అచ్చెన్న కూడా ఏ అలవాటూ లేకుండానే, గుండె పట్టేసి పని మధ్యలో కూలిపోయి, చిన్న వయసులోనే పోయాడు.

డాక్టరమ్మ కడుపు మంట గురించి కూడా అడిగి పరీక్ష చేయించింది. కడుపులో బాక్టీరియా దొరికింది. అది ఏళ్ల తరబడి పొట్టలో ఉండిపోతుందట. రక్తనాళాలు గట్టిపడటంలో దాని చెయ్యి కూడా ఉందేమోనని కొందరికి అనుమానమట, ఇంకా రుజువు కాలేదట. ‘‘మీ గుండెకి ఇదే కారణమని చెప్పలేను. పొట్టకి మాత్రం మందు వాడి తీరాలి’’ అంది.

‘‘ఇది నాకెలగొచ్చింది?’’ అన్నాడు అన్నయ్య.

‘‘చాలామందికి చిన్నప్పుడే, ఇంట్లోవాళ్ల నోటి నుంచి.’’

అన్నయ్య తన గుండె గురించి ఇంకేమీ అడగలేదు. ‘‘మరి మా పాపకి?’’ అన్నాడు. ఆ గొంతు వింటే నాకు ఏడుపొచ్చింది. పాపకి ఏ బాధా లేనప్పుడు ఇప్పుడే మందు అక్కర్లేదనీ, ఇకనుంచి ఎవరూ నమిలి పెట్టొద్దనీ, నొప్పి లేనివాళ్లలోనూ అది ఉంటుంది గనక ఇంట్లో పెద్దవాళ్లంతా పరీక్ష చేయించుకోవాలనీ చెప్పింది.

ఇంటికొచ్చి వదినకి అదంతా నేనే చెప్పాను. ఆవిడ తల ఊపింది. అన్నయ్య మాత్రం ఇంట్లో ఉండలేకపోయాడు. పాప నోరు తెరిస్తే చెయ్యి ఆగదని, బట్టలు సర్దుకుని తామ్వేలో మా ఇంటికి వచ్చేశాడు. గుండెకిచ్చిన మాత్రలకి తోడు కడుపు మందులు. నోరంతా చేదు, తిన్నది తిన్నట్టు కక్కేవాడు. అయినా ఒక్క పూటా మానలేదు. కొన్ని వారాలాగి మళ్లీ పరీక్ష చేస్తే కడుపు శుభ్రంగా ఉంది. ఆ రోజే దారిలో పాపకి చిన్న చెంచా కొన్నాడు.

మేమిద్దరం అన్నయ్య ఇంట్లోకి వెళ్లేసరికి వదిన చాప మీద పాపని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. దవడ ఆడుతోంది. వేలితో ముద్ద తీసి పాప నోట్లో పెట్టింది.

‘‘సాన్ సాన్! పరీక్ష సేయించుకున్నావా?’’ అన్నాడు అన్నయ్య.

‘‘నాకెందుకు? నాకేటీ నొప్పి నేదు కదా.’’

‘‘ఎప్పుడ్నించి పెడతన్నావు?’’

‘‘నువ్వెల్లిన కాడ్నించి. పిల్ల ఏడుస్తాది, మరేటి సేస్తాను?’’

నేను వదిన మీద విరుచుకుపడబోయాను. అన్నయ్య చెయ్యి అడ్డం పెట్టి, కొన్న చెంచా తీసి చాప మీద పెట్టాడు.

‘‘నాను ఇంట్లో నేకపోతే సాలనుకున్నాను, సత్తీ’’ అన్నాడు నాతో.