బంధువుల ఫొటోలో తాక్ గ్వొన్సా

తోంగ్యోంగ్ రేవులో ఏ ఇంటికైనా వెళ్లి గోడ మీది పెళ్లి ఫొటో చూడండి. పెళ్లికొడుకు ఉంటాడు, పెళ్లికూతురు ఉంటుంది, ఇరుపక్కలా బంధువులుంటారు, ఆ బంధువుల మధ్య తప్పకుండా తాక్ ఓక్బున్ ఉంటుంది. ఆమె వాళ్లెవరికీ బంధువు కాదు. భర్త పోయాడు, పిల్లలు లేరు, రేవులో కింబాప్ అనే అన్నం చుట్టల కొట్టు నడుపుకుంటుంది. ఆమె పెద్దరికం చూసి చర్చి వాళ్లు పెద్ద ఆడవాళ్లకిచ్చే గ్వొన్సా పదవి ఇచ్చారు, అప్పట్నించి ఊరందరికీ తాక్ గ్వొన్సా అయింది. అంతవరకూ బాగానే ఉంది. కానీ పెళ్లి ప్రార్థన ముగిసి, "బంధువులు మాత్రమే రండి" అన్న కేక వినపడిందంటే చాలు, ఆమె కాలు నిలవదు. చేతిసంచీ పక్కవాళ్ల ఒళ్లో పడేసి, పావడా దులుపుకుని, అందరికంటే ముందు వేదిక మెట్ల మీద నిలబడి ఉంటుంది.

ఆ కేక వేసేది ఫొటోగ్రాఫర్ బ్యోన్ గిల్హో. స్టూడియో చర్చికి ఎదురుగానే ఉన్నా ఆయన ఆదివారాలు అటు తొంగి చూడడు. దేవుణ్ణి నమ్మడు, వెలుతురుని నమ్ముతాడు. ఈ లోకంలో ఆయనకు ఎవరి మీదా పగ లేదు, ఒక్క తాక్ గ్వొన్సా మీద తప్ప.

"గ్వొన్సా గారూ, బంధువులు మాత్రమే అన్నాను."

"వినపడిందయ్యా. అందుకే వచ్చాను."

"ఇంతకీ మీరు పెళ్లికొడుకు తరఫా, పెళ్లికూతురి తరఫా?"

"ఎటు చోటుంటే అటు."

ఆనవాయితీ ప్రకారం పెళ్లికొడుకు తల్లి నీలం హన్బోక్, అదే పైచొక్కా పావడా జత, కట్టుకుంటుంది, పెళ్లికూతురి తల్లి గులాబీ రంగుది కట్టుకుంటుంది. ఈవిడ ఎటైనా సరిపోయేలా పైచొక్కా గులాబీ రంగులోనూ పావడా నీలంలోనూ కుట్టించి పెట్టుకుంది. గిల్హో వెయ్యని ఎత్తు లేదు. ఒకసారి ఆమె వచ్చేలోపే కెమెరా నొక్కేద్దామని చూశాడు. ఫొటో కడిగి చూస్తే, అందులో ఆమె అప్పటికే నిలబడి జడపిన్ను సర్దుకుంటోంది. ఇంకోసారి వెనక వరసలో, కొబ్బరిచెట్టంత పొడుగున్న ఒక బాబాయి వెనక్కి నెట్టాడు. ఆమె పాటల బృందం వాళ్ల ముక్కాలిపీట తెచ్చుకుని ఎక్కింది. ఆ ఫొటోలో బాబాయి కంటే ఈవిడే పొడుగు.

పెద్ద గొడవ మాత్రం చర్చి పెద్ద మ్యోంగ్ ఎల్డరు గారి అమ్మాయి పెళ్లిలో జరిగింది. ఎల్డరు గారికి వంశం అంటే ప్రాణం. ఎవరైనా నమస్కారం పెడితే, తిరిగి నమస్కారం పెట్టేలోపు తాత ముత్తాతల పేర్లు రెండైనా చెబుతారు. అలాంటాయన కుటుంబం ఫొటోలోకి ఈవిడ వచ్చి చేరింది.

"మిమ్మల్ని ఏ వరసలో కలుపుకోమంటారు?" అని ఆయన పళ్లు కొరికారు.

"అక్క వరస. ఒకే తండ్రి పిల్లలం కదా!"

"ఏ తండ్రి?"

"మొన్న ఆదివారం కళ్లు మూసుకుని 'మా తండ్రీ' అని కప్పు ఎగిరిపోయేలా అరిచారే, ఆయన."

"అది వేరు, ఇది వేరు!"

"ఎట్లా వేరండీ? ఆయనకి సొంత కొడుకు ఒక్కడే. మిగతా మనమంతా దత్తత తెచ్చుకున్న పిల్లలమే. నేనూ దత్తతే, మీరూ దత్తతే, అదిగో మైకు సర్దుకుంటున్న పాస్టరు గారూ దత్తతే. ఆ ఇంట్లో ఎవరి గొప్పా చెల్లదు. కాస్త జరగండి."

పాస్టరు గారు నవ్వు ఆపుకోవడానికి దగ్గు నటించారు. ఎల్డరు గారు జరిగారు.

ఇలా ఉండగా ఒక మధ్యాహ్నం యాంగ్ సోంగి స్టూడియోకి వచ్చింది. చర్చిలో పియానో వాయించే పిల్ల. కొండవతల అనాథ పిల్లల ఆశ్రమంలో పెరిగింది. మ్యోంగ్ ఎల్డరు గారి తమ్ముడి కొడుకు దోంగ్సుతో మర్నాడే పెళ్లి.

"బాబాయ్, రేపు బంధువుల ఫొటో తియ్యొద్దు. స్నేహితులతో ఒక్కటి చాలు."

"మ్యోంగ్ వాళ్లు ఊరుకుంటారా తల్లీ? హప్చోన్ నించి బస్సు వేసుకుని వస్తున్నారు."

"వాళ్లవైపు బస్సెడు మంది, నావైపు ఖాళీ మెట్లు. అత్తగారి హాల్లో ఆ ఫొటోయే తగిలిస్తారు. జీవితమంతా దాన్ని చూస్తూ అన్నం తినాలి."

"చర్చి వాళ్లు ఎవరో ఒకరు నిలబడతార్లే."

"అదే వద్దంటున్నా. పాపమని నిలబడితే, ఆ జాలి కూడా ఫొటోలో పడుతుంది."

గిల్హో తియ్యనని మాటిచ్చి పంపాడు. ఆమె వెళ్లాక గుర్తొచ్చింది. తాక్ గ్వొన్సా! వెంటనే రేవుకి పరుగెత్తాడు.

"గ్వొన్సా గారూ, మీకు దణ్ణం పెడతాను, ఈ ఒక్క పెళ్లికి దూరంగా ఉండండి. జాలి పడుతున్నారనుకుని ఆ పిల్ల నొచ్చుకుంటుంది."

"నేను నిలబడితే ఈ ఊళ్లో ఎవరైనా జాలి అనుకుంటారా?" అంటూ ఆమె ఒక కింబాప్ ముక్క ఆయన నోట్లో కుక్కింది. ఆయన నమిలి మింగేలోపు ఇంకో బేరం వచ్చింది.

మర్నాడు ప్రార్థన అయింది. గిల్హో మాట ప్రకారం, "స్నేహితులు రండి!" అని కేక వేశాడు.

"బంధువుల ఫొటో లేకుండా స్నేహితులేమిటయ్యా, మతి పోయిందా?" అంటూ మ్యోంగ్ ఎల్డరు గారు లేచారు. ఆయన వెనక బస్సు మొత్తం లేచింది. క్షణంలో కుడివైపు మెట్లు నిండిపోయాయి. ఎడమవైపు సోంగి ఒక్కతే మిగిలింది. గిల్హో కెమెరా వెనక నల్లగుడ్డలో తల దాచుకున్నాడు.

గుడ్డలోంచి చూస్తే, నీలం పావడా ఒకటి గబగబా మెట్లెక్కుతోంది.

"అయ్యో పాపం, నా అన్నవాళ్లు లేని పిల్ల కదా! పెద్దావిడ జాలిపడి వచ్చినట్టుంది" అంది హప్చోన్ నించి వచ్చిన దోంగ్సు మేనత్త, అందరికీ వినపడేంత గుసగుసగా. సోంగి తల వాలిపోయింది.

"జాలా? ఈవిడకా?" ఎల్డరు గారి మొహం కందగడ్డ అయింది. "చెల్లీ, నీకు తెలీదు! మా అమ్మాయి పెళ్లిలో వియ్యపురాల్ని పక్కకి జరిపి మరీ నిలబడింది. ఫొటోలోంచి కత్తెరతో కోసి తీసేస్తే, నా భుజం మీద ఈవిడ చెయ్యి మిగిలిపోయింది! అదెవరి చెయ్యి తాతా అని మనవలు ప్రాణం తీస్తున్నారు. ఈ ఊళ్లో ఈవిడ లేని పెళ్లి ఫొటో ఒక్కటి చూపించు, నా ఇంటిపేరు మార్చుకుంటాను!"

"మా ఇంట్లోనూ ఉందండీ!" అని పాటల బృందంలోంచి ఒకరు అరిచారు. "మా అబ్బాయిలిద్దరి పెళ్లిళ్లలోనూ!" అన్నారు ఇంకొకరు. చర్చి గొల్లుమంది. మేనత్త కూడా కడుపు పట్టుకుని నవ్వింది. సోంగి తలెత్తింది. తాక్ గ్వొన్సా పీడ తప్పించుకోలేకపోయిన పెళ్లికూతుళ్లు ఊరినిండా ఉన్నారు, ఇప్పుడు తనూ వాళ్లలో ఒకతి.

గిల్హోకి అప్పుడు వెలిగింది. పైచొక్కా ముడి సరిచేసే వంకతో తాక్ గ్వొన్సా దగ్గరికి వెళ్లాడు.

"ఇన్నాళ్లూ అందరి ఫొటోల్లో దూరింది ఇందుకా?"

"ఇలాంటి పిల్ల పెళ్లికి మాత్రమే వెళ్లి నిలబడితే దాన్ని జాలి అంటారు. అందరి పెళ్లిళ్లకీ వెళ్లి నిలబడితే పిచ్చి అంటారు. నాకు పిచ్చి పేరే బావుంది. పోయి నొక్కు, కాళ్లు లాగుతున్నాయి."

గిల్హో కెమెరా దగ్గరికి వెళ్లి చూశాడు. కుడివైపు బస్సెడు జనం, ఎడమవైపు ఇద్దరు. ఎంత గొప్ప వెలుతురైనా దాన్ని సరిచెయ్యలేదు. తనంతట తానే నొక్కుకునే మీట తిప్పాడు. కోటు బొత్తాం పెట్టుకుంటూ పరుగెత్తి తాక్ గ్వొన్సా పక్కన నిలబడ్డాడు.

"ఏమయ్యా, చర్చికే రావు కదా, నువ్వు ఏ వరసలో వచ్చావు?"

"వరస తర్వాత చూసుకుందాం, ముందు కెమెరా వైపు చూడండి!"

ఆ ఫొటో ఇప్పుడు మ్యోంగ్ వాళ్ల హాల్లో ఉంది. అందులో గిల్హో టై భుజం మీదికి ఎగిరిపోయింది, నోరు తెరుచుకునే ఉంది. ఇంకోటి తీసిస్తానని ఎన్నిసార్లు బతిమాలినా సోంగి ఒప్పుకోలేదు.