కొలతకు దొరకని పైపు

ఈ మాట ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. మోసీ మోసీ అలిసిపోయాను. మీరెవరో నాకు తెలీదు. అందుకే మీకు చెబుతున్నాను.

ఖరగ్‌పూర్‌లో ట్రాఫిక్ అనే రైల్వే కాలనీ పక్కనే మా ఇల్లు. మేడ మీద పొడుగాటి ఇనుప పైపు ఉంది. వర్క్‌షాపులో పనిచేసిన మా ఆయన, కార్తీకంలో ఆకాశదీపం ఎత్తడానికని తానే వెల్డింగ్ చేసి నిలబెట్టాడు. ఆయన పోయాక ఆ దీపం ఆయనకే ఎత్తుతున్నాను.

దగ్గర్లోని ఆసుపత్రికి హెలికాప్టర్ వస్తుందన్నారు. మంచు కమ్మినా పైలట్ పరికరాలు చూసుకుంటూ దిగేలా, చుట్టూ ఆకాశానికి దారులూ హద్దులూ పెడుతున్నారట. దానికోసం మేడల ఎత్తు కొలుస్తున్నారు. అడ్డొచ్చేవి తీసేయిస్తారని కూడా విన్నాను. మరిదిని పిలిచి పైపును పడుకోబెట్టించాను. పైన దుప్పట్లు ఆరేశాను.

కొలవడానికి వచ్చినవాడు మన తెలుగువాడే.

"పిన్నీ, ఇంతకన్నా ఎత్తుగా ఏటీ లేదు గదా? మంచులో దిగినోడికి ఏటీ కనపడదు. మేం రాసిందే ఆడికి కళ్ళు."

"ఏటీ లేదు బాబూ."

టీ కూడా ఇచ్చాను. ఛీ, ఏం మనిషిని! అతను వెళ్ళాక పైపు మళ్ళీ లేచింది.

ఆ చలికాలం ఎదురింటి సీతమ్మ భర్తకు గుండెపోటు వచ్చింది. కోల్‌కతా తీసుకెళ్ళడానికి హెలికాప్టర్‌ను పిలిచారు. పొద్దున్నే, ఎదుటి గోడ కూడా కనపడనంత మంచు. చప్పుడు సరిగ్గా మా మేడ మీదికే దిగింది. అమ్మ బాబోయ్! వంటింట్లో గిన్నెలు అదిరాయి. మెట్ల కింద కూర్చుని చెవులు మూసుకున్నాను. ఉన్నట్టుండి అది పైకి లేచి వెళ్ళిపోయింది. ఆ పూట మళ్ళీ రాలేదు. అతన్ని అంబులెన్సులో పంపారు. దారిలోనే పోయాడు.

అందరూ మంచును తిట్టారు. నేనూ తిట్టాను. పైలట్ నా పైపును చూసే వెనక్కి తిరిగాడా, లేక ఆ మంచుకే భయపడ్డాడా? ఎవరినడగను? అడిగితే నీకెందుకంటారు, పైపు తీసేస్తే ఇన్నాళ్ళు లేనిది ఇప్పుడెందుకంటారు, అలా అనుకుంటూనే ఏళ్ళు గడిపేశాను. ఇప్పటికీ ఆ చప్పుడు వినబడితే మెట్ల కిందికి పోయి కూర్చుంటాను. ఈసారి ఎవరి ప్రాణమో అని.

ప్రతి కార్తీకంలోనూ సీతమ్మ నూనె పట్టుకుని వస్తుంది. తన భర్త దీపం కూడా నా పైపు మీదే ఎత్తమంటుంది. ఎత్తుతాను. తాడు లాగుతుంటే నా చేతులు వణుకుతాయి. చలేస్తోందనుకుని తన శాలువా తీసి నాకు కప్పుతుంది.

ఆవిడకు ఏమని చెప్పను? చెప్పలేదు. పైపు ఇంకా పైనే ఉంది, బయట మంచు దిగుతోంది, నాకు భయంగా ఉంది. దాచింది నేనే. లేదన్నదీ నేనే. ఇన్నేళ్ళకు ఈ రెండు ముక్కలూ రాశాను, కాస్త ఊపిరాడుతోంది.