తాండూరుకు రాని డబ్బా

మొన్న ఆదివారం భోజనాలయ్యాక మా అక్క మనవరాలు నా పక్కన చేరి ఫోనులో ఏదో జాబితా చదివి వినిపించింది. మా కాలంలో జనం ఎగబడి చూసిన ఒక పాటల హాస్యచిత్రం గురించి ప్రేక్షకులకు కలిగే సందేహాలట అవి. వాన పాటలో కురిసింది నిజం వానా, ట్యాంకరు నీళ్ళా? హీరో చేతి గడియారం రెండో చరణానికల్లా ఏమైపోయింది? ఇలాంటివి ఓ ఇరవై ఉన్నాయి గాని, మా ఇంటిని మూడు నెలలు పట్టి కుదిపిన సందేహం మాత్రం అందులో లేదు. హార్మోనియాన్ని ఎండలో ఎందుకు పెట్టారు?

నవ్వకండి. అక్క కాపురం ఈ ప్రశ్న దగ్గరే ఆగిపోయి ఉండేది.

అప్పుడు నేను పదో తరగతి. అక్కను తాండూరుకిచ్చి రెండేళ్ళయింది. బావది కందిపప్పు వ్యాపారం, మనిషి మంచివాడే, నోరే కొంచెం దురుసు. వాళ్ళింట్లో ఒక బారసాల నాడు, పాతికమంది బంతిలో కూర్చుని ఉండగా, అక్క వండిన పప్పును గరిటెతో ఎత్తి పోస్తూ, "మీ వికారాబాదోళ్లు పప్పు వండుతరా, వాగు వండుతరా? మీ అమ్మ గిదేనా నేర్పింది?" అన్నాడట. బంతి బంతంతా నవ్వింది. తననంటే పడేదేమో, అమ్మనన్నందుకు అక్క ఆ సాయంత్రం ప్యాసింజరుకే పెట్టెతో సహా మా ఇంట్లో దిగింది. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు, అలాంటివాళ్ళు ఒకే ఇంట్లో ఇద్దరుంటే ఏం చెప్పాలి! ఆయన రాలేదు, ఈమె పోలేదు.

ఆ రోజుల్లోనే ఈ సినిమా వచ్చింది. మా వికారాబాదు టాకీసుకూ తాండూరు టాకీసుకూ కలిపి ఒకటే ప్రింటు. ఇక్కడ ఆడేసిన రీళ్ళను రేకు డబ్బాల్లో పెట్టి రైలెక్కిస్తే, అక్కడి ఆట వాటితో నడవాలి. బండి ఆలస్యమైతే తాండూరు ఆపరేటరు పాత వార్తల రీలు వేసి కాలక్షేపం చేయించేవాడు, డబ్బా ఏదైనా తప్పిపోతే ఉన్నవాటినే వరసగా ఆడించేసేవాడు. వచ్చిందే సినిమా అని తాండూరు జనం కూడా అలవాటు పడిపోయారు.

కథలో హార్మోనియం వాయించే భర్తకూ భార్యకూ పోట్లాట. ఆమె పుట్టింటికి పోయి తలుపేసుకుంటుంది. అతడు జోరువానలో హార్మోనియం మెడకు తగిలించుకొని వచ్చి, ఆ గుమ్మం ముందు లెంపలేసుకుంటూ పాడతాడు. హాలంతా పడీ పడీ నవ్వుతుంటే నా పక్కన అక్క కొంగుతో కళ్ళొత్తుకుంది. మగవాడన్నాక అలా రావాలని ఆమె మనసులో పడిపోయింది.

అదే రోజు బావ తాండూరులో చూశాడు. ఆ వాన పాట ఉన్న డబ్బా మా స్టేషను ప్లాట్‌ఫారం మీదే ఉండిపోయింది. కాబట్టి ఆయన చూసిన కథలో ఆమె తలుపేసుకుంది, మరుక్షణం మొగుడింట్లో నవ్వుతూ రొట్టెలు చేస్తోంది, వాకిట్లో హార్మోనియం ఎండుతోంది. వదిలేస్తే వాళ్ళే తిరిగొస్తారని ఆయనకు అర్థమైంది. పెళ్ళాం పుట్టింట్లో ఉండగా సినిమాకు పోయాడని నలుగురూ నవ్వుతారని ఎవరినీ అడగను కూడా లేదట.

ఇద్దరూ అలా ఎదురుచూస్తూ కూర్చుంటే, దసరా వెళ్ళగానే పెద్దమనుషులను కూర్చోబెట్టి తెగతెంపులు చేసుకొని, అక్క సామాను తెచ్చేసుకుందామని నాన్న నిశ్చయించాడు. అమ్మకు అన్నం సహించడం మానేసింది. ఆ మాట చెప్పడానికి నాన్న తాండూరు పోతే, బావ మూతి ముడుచుకొని అంతా విని, తీరా గుమ్మం దాకా వచ్చాక అన్నాడట: "సినిమాల గామె తనంతల తానే వచ్చింది గద మామా. మీ బిడ్డకేమైంది? గని గా హార్మోనియం ఎండల ఎందుకు పెట్టిన్రో, జర అడిగి చెప్పుండ్రి."

సినిమాల ఊసే తెలియని నాన్న దాన్ని ఉన్నదున్నట్టు తెచ్చి చెప్పాడు. గరిటె చేతిలో ఉండగానే అక్క మూడు నెలల తర్వాత మొదటిసారి నవ్వింది, నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చేసింది. "గాయనకు గా డబ్బా రాలే నాయినా" అంది.

కార్డు నేనే రాశాను. బావగారూ, మీకు ఒక డబ్బా తక్కువ వచ్చింది, ఆదివారం మ్యాట్నీకి వికారాబాదు రాగలరు, అని. పోస్టు డబ్బాలో వేసింది అక్క.

వచ్చాడు. ముగ్గురం పక్కపక్కనే కూర్చున్నాం. వాన పాటకు హాలంతా నవ్వింది, బావ ఒక్కడే నవ్వలేదు. "గిదా జరిగింది" అని గొణిగి, ఆట అయ్యేదాకా తల దించుకొనే ఉన్నాడు. ఇంటికొచ్చాక తప్పయిందని నోరు విప్పి అనలేదు. విస్తరి ముందు కూర్చుని, అమ్మ వండిన పప్పు మొత్తం తిని, నాన్నా చుట్టుపక్కలవాళ్ళూ వింటుండగా, "ఇంకింత పప్పు వెయ్యుండ్రి అత్తమ్మా" అన్నాడు. మరి కాసేపటికి మళ్ళీ అడిగాడు. తలుపు చాటున అక్క విన్నది. మర్నాడు పొద్దుటి బండికి ఇద్దరూ కలిసే పోయారు.

తర్వాత యాభై ఏళ్ళ కాపురంలోనూ ఆయన క్షమాపణ అదే. ఏనాడు గొడవైనా ఆ పూట మారు పప్పు అడిగేవాడు, అక్క వేసేది, అంతటితో సరి.

మొన్న పిల్ల ఫోనులో ఆ సినిమా పెట్టి, వాన పాట రాగానే సాగదీతగా ఉందని ముందుకు జరపబోయింది. "ఆగు బిడ్డా, గది మీ తాతకు రాని రీలు" అని అక్క పిల్ల చెయ్యి పట్టుకొని ఆపింది. ఇప్పుడు ఏ రీలూ తప్పిపోదు, అన్నీ అరచేతిలోకే వస్తాయి, చూసే ఓపికే ఎవరికీ లేదు. సందేహం వస్తే మరొకరి ఇంటి గుమ్మం దాకా పోయి అడగాల్సిన పని కూడా లేదు.

బావ పోయిన ఏడు పోయాడు. ఆఖరి రోజుల్లో గంజి తప్ప ఏదీ దిగడం లేదు. ఒక మధ్యాహ్నం మాత్రం అక్కను పిలిచి పప్పు పెట్టమన్నాడు. చెంచాడు నోట్లో పెట్టగానే, ఇంకింత వెయ్యమన్నాడు.

"మాకు ఆ పూట ఏ లొల్లీ లేకుండె చెల్లే, మరి దేనికడిగినట్టు?" అని అక్క ఇప్పటికీ నన్ను అడుగుతుంది. ఆ డబ్బా మాత్రం ఏ బండికీ రాదు.