డబుల్ డెక్కర్‌కు ఎదురిల్లు

డ్రైవరమ్మకు తన పని మీదున్న నమ్మకం అంతా ఇంతా కాదు. ఆమె ఎర్రటి డబుల్ డెక్కర్ బస్సును సందు మలుపులో తిప్పుతుంటే, మూల మీది పండ్లబండివాడు తన బండి జరపనైనా జరపడు. తగలదని వాడికి తెలుసు. ఆవిడ కళ్లు మూసుకుని కూడా తిప్పగలదని డిపోలో ఎవరైనా అంటే, కళ్లు మూసుకుంటే జీతం ఎవడిస్తాడు నాయనా అని నవ్వేది.

ఆమెది రెండు విడతల డ్యూటీ. పొద్దుటి రద్దీకి ఒకటి, సాయంత్రం రద్దీకి ఒకటి. మధ్యలో పట్టపగలంతా ఖాళీ. ఇల్లు ఊరికి ఆ చివర ఉండటంతో ఆ ఖాళీ ఎందుకూ కొరగాకుండా పోయేది. వెళ్లి రావడానికే సరిపోతుంది కనుక డిపోలో బల్ల మీద నడుం వాల్చేది. ఇంట్లో రెండేళ్ల కూతురు. తల్లి బయల్దేరేటప్పుడూ నిద్రే, తిరిగొచ్చేసరికీ నిద్రే. భర్త సరుకు ఓడల మీద మెకానిక్. ఫోనులో తప్ప కనపడడు. పిల్ల ఆలనాపాలనా అంతా అత్తగారిదే. ఒకసారి పిల్ల నిద్రలోంచి లేచి, ఎత్తుకున్న తల్లి ముఖం చూసి, "నానమ్మేదీ?" అంటూ చేతుల్లోంచి జారిపోయింది. డ్రైవరమ్మ ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు. మర్నాటి నుంచి డిపో చుట్టుపక్కల అద్దె ఇల్లు వెతకడం మొదలుపెట్టింది.

డిపో ఉన్న పేట మెట్రో, లోకల్ రైలు, బస్సులు మూడూ కలిసే చోటు. ఎక్కడెక్కడి వాళ్లో వచ్చి అక్కడ చేరారు. కొట్ల బోర్డుల మీద ఒక లిపికీ ఇంకో లిపికీ పొంతన ఉండదు. బేరం దగ్గర మాత్రం అందరిదీ ఒకటే భాష, వేళ్లు చూపించడం. అలాంటి చోట ఇల్లు ఖాళీ అవడమే అరుదు. ఒకరోజు డ్రైవరమ్మ స్టాపులో బస్సు ఆపి ఎదురుగా చూస్తే, గడియారాల రిపేరు కొట్టు పైన మొదటి అంతస్తుకు 'అద్దెకు' అని అట్టముక్క వేలాడుతోంది. డ్యూటీ దిగగానే వెళ్లి వాలింది.

కొట్టాయనే ఇంటి యజమాని. పై వాటాలో నర్సు, వెనక వాటాలో దర్జీ కుటుంబం, ఇంటికో భాష. డ్రైవరమ్మ కుళాయిలు తిప్పింది, తలుపులు వేసి తీసింది, మెట్ల మలుపులో మంచం తిరుగుతుందో లేదో చేతులు చాచి చూసుకుంది. బస్సే తిరుగుతుంటే మంచం తిరగదా అనుకుంది. ఇంకొకరు కూడా అడుగుతున్నారని, సెలవునాడు సాయంత్రంలోగా మాట చెప్పమని యజమాని అన్నాడు.

సెలవునాడు అత్తగారినీ పిల్లనూ వెంటబెట్టుకుని వచ్చింది. పెద్దావిడకు వంటగది నచ్చింది, వెలుతురు నచ్చింది. ముందు గదిలో కిటికీ తెరిచి ఊపిరి పీల్చుకుంటూ ఉండగా ఎదురుగా బస్సు వచ్చి ఆగింది. పై అంతస్తు కిటికీలన్నీ సరిగ్గా గది ఎత్తున నిలిచాయి. అరటిపండు తింటున్న ఒకాయన పిల్లను చూసి చెయ్యి ఊపాడు. పిల్ల కూడా ఊపింది. అత్తగారు గోడచాటుకు తప్పుకుంది.

"ఇక్కడ మనం కాపురం చేస్తామా, నాటకం వేస్తామా?"

"అత్తయ్యా..."

"రోజూ బండి ఇక్కడే ఆపుతావుగా. ఇది కనపడలేదుటే నీకు?"

అట్టముక్క కనపడింది గానీ, ఇది నిజంగానే కనపడలేదు. డ్రైవరు సీటు కింది అంతస్తులో ఉంటుంది. స్టాపులో ఆమె చూపంతా అద్దంలో, ఎక్కేవాళ్ల, దిగేవాళ్ల కాళ్ల మీద. తన నెత్తిన కూర్చున్నవాళ్లకు ఏం కనిపిస్తుందో ఇన్నేళ్లలో ఆలోచించనే లేదు.

కావాలంటే మీరుండండి, నేను నా కూతురింటికి పోతానని అత్తగారు తేల్చి చెప్పింది. ఆవిడ వెళ్లిపోతే పిల్లను చూసే దిక్కు లేదు. పాత ఇంట్లోనే ఉంటే పిల్లకు తల్లి దక్కదు. డ్రైవరమ్మ వాదనకు దిగలేదు. మొరాయించిన బండి ముందు హారన్ కొట్టి లాభమేముంది, దిగి చూడాలి.

"పదండత్తయ్యా, బస్సెక్కి పైనుంచి మనమే చూద్దాం. లోపలిదంతా కనబడితే ఈ ఇల్లు వద్దు. ఇంకోటి వెతుకుతా."

వెనక స్టాపుకు నడిచి బస్సెక్కారు. ముసలి కండక్టర్, అందరికీ బాబాయే, ఇవాళ స్టీరింగ్ లేదుగా, కడ్డీ పట్టుకో తల్లీ అని ఆటపట్టించాడు. తన బస్సులో పై అంతస్తుకు ఆమె ప్రయాణికురాలిగా ఎక్కడం అదే మొదటిసారి. మలుపు వచ్చినప్పుడల్లా కాలు దానంతటదే లేని బ్రేకును తొక్కింది.

బస్సు స్టాపులో ఆగింది. గది గదంతా కనిపిస్తోంది. గోడకున్న మేకులు, తలుపు తీసి ఉన్న అలమర, పిల్ల కిటికీ గట్టు మీద మరిచిపోయిన టోపీ. ఇల్లు చేజారినట్టేననుకుంది డ్రైవరమ్మ. అయినా దాచలేదు.

"మీరన్నదే నిజం అత్తయ్యా. అన్నీ కనిపిస్తున్నాయి."

అత్తగారు చూస్తున్నది ఇంటిని కాదు, బస్సులోవాళ్లను. ఒకడు నోరు తెరిచి నిద్రపోతున్నాడు. ఒకమ్మాయి చిన్న అద్దంలో కాటుక దిద్దుకుంటోంది. మిగతావాళ్లంతా ఫోన్లలో తలలు దూర్చారు. పెద్దావిడ ముందు సీటు కుర్రాడి భుజం తట్టింది.

"ఏం బాబూ, ఆ ఇంట్లో ఎవరుంటారు?"

"ఏ ఇంట్లోనండీ?"

"ఎదురుగా ఉందే, అదే. రోజూ ఇటే వెళ్తావా?"

"ఉద్యోగంలో చేరినప్పట్నుంచీ ఇదే బస్సండీ," అంటూ అతను మళ్లీ ఫోనులోకి వెళ్లిపోయాడు.

ఆవిడకు కాస్త చిన్నతనంగా తోచింది. అంత మంచి గది ఎదురుగా ఉంటే ఒక్కడూ తల తిప్పడేమని సణిగింది. బస్సు కదిలింది. తర్వాతి స్టాపులో ఆవిడే కిటికీలోంచి మెడ సాచింది.

"అటు చూడు, ఆ ఇంట్లోవాళ్లు ఫ్రిజ్ తలుపు సరిగ్గా వేసుకోలేదు. ఆ పిల్లాడెవడో గోడంతా పాడుచేస్తున్నాడు, అడిగే నాథుడు లేడు."

"అయితే ఈ బస్సులో ఇళ్లల్లోకి చూసేది మీరొక్కరే అత్తయ్యా. మీరే ఆ ఇంట్లో ఉంటే ఇక చూసేవాళ్లే ఉండరు."

పెద్దావిడ కోపం తెచ్చుకోబోయి, రాక నవ్వేసింది. నోరు మాత్రం బాగా నేర్చావు అంది.

దిగి వెనక్కి నడిచాక అత్తగారే ముందుగా కొట్టులోకి వెళ్లింది. ఇల్లు తీసుకుంటున్నామని, ముందు గదికి పరదా కడ్డీ మాత్రం ఆయనే వేయించాలని చెప్పింది. భూతద్దం కంటికి పెట్టుకున్న యజమాని ఏ రంగు పరదా అని అడిగాడు. కడ్డీ సంగతి చూడు బాబూ, రంగు మేం చూసుకుంటాం అంది.

ఆ వారంలోనే సామాను దిగింది. మంచం మెట్ల మలుపులో ఎక్కడా తగలకుండా తిరిగింది.

మొదటి రోజు మొదటి విడత ముగించి డ్రైవరమ్మ ఇంటికి వచ్చేసరికి పిల్ల మెలకువగా ఉంది. కొత్త మనిషిని చూసినట్టు కాసేపు చూసి, రంగుపెన్సిళ్ల డబ్బా తెచ్చి ఒళ్లో పడేసింది. తల్లి నేల మీద బోర్లా పడుకుంటే వీపెక్కి కూర్చుంది.

రెండో విడతకు వచ్చిన ఆమెను చూసి, చెంప మీద ఆ ఎర్రగీత ఏమిటని బాబాయ్ అడిగాడు.

"నా కూతురు రంగేసింది బాబాయ్. ఇవాళ నేనే బస్సునట."

చెంప తుడుచుకోకుండానే సీటెక్కి బస్సు బయటికి తీసింది.